ఆ పేర్ల ముందు 'గ' పెట్టండి

మాస్కో బోల్షోయ్ థియేటర్ యాజమాన్యానికి, థియేటర్ మ్యూజియం చూసుకునేవారికి

అయ్యలారా, అమ్మలారా,

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. నాకు రష్యన్ రాదు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాస్తే చెప్పాలనుకున్నది సగం జారిపోతుంది. పైగా ఒకప్పుడు తెలుగు అక్షరాలు మీ ఊళ్లోనే అచ్చయ్యేవి. లోపలి పేజీలో 'ప్రగతి ప్రచురణాలయం, మాస్కో' అని ఉండే పుస్తకాలు మా తెనాలి దాకా వచ్చేవి. గట్టి అట్ట, మంచి కాగితం, మా చేతికందే ధర. కాబట్టి తెలుగు చదివి మీకు చెప్పేవాళ్లు మాస్కోలో ఇప్పటికీ ఒకరో ఇద్దరో దొరక్కపోరు.

'సోవియట్ భూమి' అని పత్రిక కూడా వచ్చేది. నిజం చెప్పాలంటే అందులో మేం చదివింది తక్కువ. ఆ నున్నటి రంగుల కాగితం నోట్సులకు అట్టలు వేసుకోడానికి భలే పనికొచ్చేది. ఏడో తరగతిలో నా లెక్కల నోట్సు అట్ట మీద మీ థియేటర్ ఉండేది. ఎనిమిది తెల్లటి స్తంభాలు, వాటిపైన నాలుగు గుర్రాల రథం. సూర్యుడి గుడి కాబోలు అనుకున్నాను. మా తాత చూసి, "గుడి కాదురా, నాటకాల హాలు. అంత హాలుకు తెర ఎంత బరువుంటుందో!" అన్నాడు.

తెర గురించి ఎందుకన్నాడంటే ఆయన పని అదే. కాంట్రాక్టు నాటకాల్లో తెర లాగేవాడు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లవారేదాకా పద్యనాటకం. కరపత్రంలో కృష్ణుడి వేషం వేసేవారి పేరు పెద్ద అక్షరాల్లో, ముందు 'శ్రీ', వెనక 'గారు'. హార్మోనియం వాయించే ఆయన పేరు కాస్త చిన్న అక్షరాల్లో. మా తాత పేరు ఏ కరపత్రంలోనూ లేదు. ఆయనకు దాని మీద కోపం ఉన్నట్టు ఎప్పుడూ కనబడలేదు. నాకే ఉంది, ఇప్పటికీ.

ఆ కోపంతోనే మీ థియేటర్ చరిత్ర చదివాను. అందులో ఒక చోట ఆగిపోయాను. ఈ ఉత్తరం రాసేలా చేసింది ఆ ఒక్క చోటే. అదేమిటో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి, ఓపిక పట్టండి.

1776 మార్చి 28న కేథరిన్ మహారాణి, ప్యోత్ర్ ఉరూసోవ్ అనే ప్రిన్సుకు మాస్కోలో పదేళ్లపాటు నాటకాలు, నృత్యవినోదాలు జరుపుకునే హక్కు రాసిచ్చింది. మీరు పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే. 2026 మార్చి 28 అంటే సరిగ్గా 250 ఏళ్లు. ఈ సందర్భంగా ఎవరెవరి పేర్లు వినబడతాయో ఊహించడం కష్టం కాదు. కేథరిన్, ఉరూసోవ్, ఆయన భాగస్వామి మైఖేల్ మెడాక్స్. ఈ మెడాక్స్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి. యంత్రాల పనిలో ఆరితేరినవాడు. ఆయన చేసిన గడియారం ఒకటి ఇప్పటికీ క్రెమ్లిన్ మ్యూజియంలో ఉంది. ఉరూసోవ్ తప్పుకున్నాక భారమంతా ఆయనే ఎత్తుకుని, పెట్రోవ్కా వీధిలో హాలు కట్టి 1780 డిసెంబర్‌లో తెరిచాడు. అప్పుల్లో మునిగి మునిగి చివరికి హాలు పోగొట్టుకున్నాడు. మా ఆంధ్రదేశంలో నాటకం కంపెనీలు పెట్టి ఆరిపోయిన పెద్దమనుషుల కథలు విన్నవాడిని కాబట్టి ఆయనంటే నాకు జాలే.

కానీ ఆ హాల్లో ఆడిందెవరు? నాట్యం చేసిందెవరు?

కేథరిన్ హక్కుపత్రం రాయడానికి మూడేళ్ల ముందే, 1773లో, మాస్కో అనాథ శరణాలయంలో ఫిలిప్పో బెక్కారీ అనే ఇటలీ మాస్టారు పిల్లలకు డాన్సు నేర్పడం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలు వాళ్లు. ఆ శరణాలయంలో చేరిన పసికందుల్లో ఎక్కువమంది బతికి బట్టకట్టని రోజులవి. బతికినవాళ్లలోంచి తీసి నేర్పారు. మెడాక్స్ ఆ శరణాలయం ట్రస్టీల దగ్గరే అప్పు చేశాడు, నాట్యం నేర్చిన పిల్లల్ని కూడా అక్కణ్ణించే తెచ్చుకున్నాడు. ఈరోజు ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసే బోల్షోయ్ బాలే బడి మొదలైంది అక్కడ. మీ అకాడమీ తన వయసును ఆ 1773 నుంచే లెక్కపెట్టుకుంటుంది. సంతోషం. అయితే ఆ సంవత్సరం పక్కన మాస్టారి పేరు కనబడినంతగా పిల్లల పేర్లు కనబడవు.

ఇక నేను ఆగిపోయిన చోటు. అప్పట్లో రష్యాలో భూమితోపాటు మనుషుల్నీ అమ్మేవారు. వెట్టి గురించి విన్న తెలుగువాళ్లకు ఇది కొంత అర్థమవుతుంది, కానీ ఇది వెట్టికన్నా ఇంకో మెట్టు కిందిది. దొరలు తమ మనుషుల్లో గొంతున్నవాళ్లను, రూపమున్నవాళ్లను ఏరి నాటకం నేర్పించి సొంత ట్రూపులు పెట్టుకునేవారు. అలెక్సేయ్ స్టొలీపిన్ అనే దొరకు అలాంటి ట్రూపు ఉండేది. ఆ మనుషులే మెడాక్స్ స్టేజీ మీద కూడా ఆడారు. ఆ కాలపు నాటకం కాగితాల్లో ఒక పద్ధతి ఉండేది. స్వతంత్రుడైన నటుడి పేరు ముందు 'గ' అనే అక్షరం, పక్కన చుక్క వేసేవారు. గస్పదీన్ అనే మాటకు పొట్టి రూపం. అయ్య, శ్రీ అన్నట్టు. దొర సొత్తయిన నటుడికి ఆ అక్షరం ఉండదు. పేరు మాత్రం ఉంటుంది, బోడిగా. చూసేవాళ్లకు ఎవరు మనిషో ఎవరు సొత్తో టికెట్ కొనేటప్పుడే తెలిసిపోవాలన్నమాట.

మీ భాషలో ఆ గౌరవం 'గ'తో మొదలవుతుంది. మా 'గారు' కూడా 'గ'తోనే మొదలవుతుంది. రెండు భాషలకూ ఏ చుట్టరికమూ లేదని తెలుసు. అయినా అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1806లో స్టొలీపిన్ ట్రూపును అమ్మకానికి పెట్టాడు. ఆ సంగతి తెలిసి నటులే చక్రవర్తి అలెగ్జాండర్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఎవరికో అమ్ముడుపోయి చెల్లాచెదురు కాకుండా మమ్మల్ని మీరే కొనండి బాబూ అని. దొర అడిగింది 42,000 రూబుళ్లు. ఖజానా వాళ్లు బేరమాడారు. 32,000కి తెగింది. మొత్తం 74 మంది. లెక్కల నోట్సు మీద మీ బొమ్మ వేసుకున్నవాణ్ణి కదా, భాగించి చూశాను. తలకు 432 రూబుళ్లు, పైన కొంత చిల్లర. మాస్కోలో రాజుగారి నాటకం కంపెనీ నిలబడింది ఆ కొనుగోలు మీద. అంటే మీ పునాదుల్లో ఒక బిల్లు ఉంది, ఆ బిల్లులో మనుషులు ఉన్నారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. 250 ఏళ్ల సందర్భంగా వేసే ప్రోగ్రాం కాగితాల్లో ఒక్కదానిలో, ఒక్క పేజీలో, ఆ నటుల పేర్లు దొరికినంత మేర అచ్చు వేయండి. ఒక్కో పేరు ముందు ఆ అక్షరం, ఆ చుక్క పెట్టండి. నాట్యం నేర్చిన శరణాలయం పిల్లల పేర్లు కూడా వేయండి. మీ దగ్గర మ్యూజియం ఉంది, పాత కాగితాలు ఉన్నాయి, చదవగలిగినవాళ్లు ఉన్నారు. దీనికి డబ్బు కూడా పెద్దగా అవదు.

మరొకాయన పేరు కూడా అడుగుతాను. ఆయన నటుడు కాదు, మీ జీతగాడూ కాదు. మీ హాలుకు నిప్పుతో ఉన్న లావాదేవీ తెలిసిందే కదా. మెడాక్స్ కట్టిన హాలు 1805లో కాలిపోయింది. 1808లో అర్బాత్ దగ్గర రోసీ గీసిన ప్లానుతో చెక్క హాలు కట్టుకుంటే, 1812లో నెపోలియన్ మాస్కోలో అడుగుపెట్టినప్పుడు నగరంతోపాటు అదీ పోయింది. తర్వాత అందరూ గర్వంగా చెప్పుకునే, బోవే అనే వాస్తుశిల్పి కట్టించిన హాలు. 1825 జనవరిలో తెరిచారు. పాత పెట్రోవ్కా హాలు కన్నా చాలా పెద్దది కాబట్టి దాన్ని 'పెద్ద' పెట్రోవ్‌స్కీ అన్నారు. రష్యన్‌లో బోల్షోయ్ అంటే పెద్ద, అంతే. పక్కనున్న మాలీ థియేటర్ అంటే చిన్నది. మా ఊళ్లో పెద్ద చెరువు, చిన్న చెరువు అన్నట్టే. ప్రపంచమంతా ఏదో మంత్రంలా పలికే పేరు వెనక ఉన్నది ఇంతేనా అని తెలిసినప్పుడు నవ్వొచ్చింది, ముద్దు కూడా అనిపించింది.

ఆ పెద్ద హాలుకు 1853 మార్చిలో నిప్పంటుకుంది. మూడు రోజులు కాలింది. గోడలు, స్తంభాలు మిగిలాయి. మంటలు రేగినప్పుడు ఒక వడ్రంగి కప్పు మీద చిక్కుకుపోయాడు. కింద జనం గుమిగూడి చూస్తున్నారు, నిచ్చెనలు అందడం లేదు. ఆ దారిన పోతున్న వసీలీ మారిన్ అనే యారొస్లావ్ల్ ప్రాంతపు రైతు, కప్పులు వేసే పని చేసుకునేవాడు, వాననీటి గొట్టం పట్టుకుని పైకి ఎగబాకాడు. తాడు అందించి ఆ వడ్రంగిని దించాడు. జార్ పిలిపించి పతకం ఇచ్చాడు. మీ చరిత్రకారులు ఈ కథ చెబుతారు, కాదనను. కానీ సరదా ముచ్చటలా ఒక మూల చెబుతారు. థియేటర్లో పనిచేసేవాణ్ణి థియేటర్‌తో సంబంధం లేని పనివాడు కాపాడిన కథ మూల చెప్పేది కాదని నా గొడవ.

ఇప్పుడు మేం ఫొటోల్లో చూసే హాలు, అంటే ఎరుపు, బంగారం కలిసిన ఆ లోపలి భాగమంతా, ఆ మంటల తర్వాత ఆల్బెర్టో కావొస్ అనే వాస్తుశిల్పి తీర్చిదిద్దింది. కొత్త చక్రవర్తి పట్టాభిషేకం ముంచుకొస్తుంటే ఏడాదిన్నర లోపే కట్టి 1856లో తెరిచారు. గుర్రాల రథం చేసింది క్లోట్ అనే శిల్పి. కావొస్ ఆలోచన నాకు చాలా ఇష్టం. హాలంతటినీ ఒక వాయిద్యంలా కట్టాలనుకున్నాడు. వీణకు కుండ ఎలాగో ఈ హాలుకు చెక్క అలాగ. గోడలకు స్ప్రూస్ చెక్క పలకలు, చెక్క సీలింగు. బాక్సుల మీద కనబడే నగిషీలు రాయి కాదు, సున్నమూ కాదు, కాగితపు గుజ్జు. పైన బంగారు రేకు. మా అమ్మమ్మ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి చేటలకు మెత్తేది. చక్రవర్తి కూర్చున్న చోటా అదే సరుకని తెలిస్తే ఆవిడ ఏమనేదో! ధ్వని బాగా పలకడానికే అలా చేశారట. సోవియట్ కాలంలో ఆర్కెస్ట్రా గుంట కింద ఉన్న బోలు చోటును కాంక్రీటుతో నింపేసి ఆ వాయిద్యం గొంతు నొక్కారు. 2005లో హాలు మూసి, ఆరేళ్లు పనిచేసి, 2011 అక్టోబర్‌లో తెరిచినప్పుడు ఆ కాంక్రీటు తీసేశారు, చెక్క పలకలు కొత్తవి వేశారు, మళ్లీ కాగితపు గుజ్జుతోనే నగిషీలు చేశారు. ఆ పని చేసిన చేతులెన్నో. ఆరంభ సభలో ఉపన్యాసాలిచ్చింది వాళ్లు కాదు.

కావొస్ తొందరలో పునాది సంగతి అంతగా పట్టించుకోలేదు. కింద నెగ్లిన్నాయా నది. దాన్ని గొట్టంలోకి మళ్లించాక నేలలో నీటిమట్టం దిగి, పునాది చెక్క దుంగలు పుచ్చిపోయాయి. 1902లో ఒక మధ్యాహ్నం ఆట జరుగుతుండగా హాలు గోడ కుంగి బాక్సుల తలుపులు బిగుసుకుపోయాయి. ఖరీదైన బట్టల్లో వచ్చిన పెద్దమనుషులు పక్క బాక్సుల్లోకి గోడ దూకి బయటపడాల్సొచ్చింది. ఈ దృశ్యం తలుచుకున్నప్పుడల్లా నాకు హుషారుగా ఉంటుంది. క్షమించాలి.

విప్లవం తర్వాత కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా వెళ్తాను. దొరల హాలు మనకెందుకని మూసేయాలన్నవాళ్లున్నారు. లెనిన్‌కూ ఆ ఆలోచన ఉండేది, ఆయన ప్రభుత్వంలో చదువుల శాఖ చూసే లూనాచార్‌స్కీ అడ్డుపడ్డాడు. 1922 డిసెంబర్ 30న సోవియట్ యూనియన్ పుట్టిందని ప్రకటించింది ఈ హాల్లోనే. 1936 జనవరిలో స్టాలిన్ మీ ట్రూపు ఆడిన షొస్టకోవిచ్ ఒపెరా చూసి వెళ్లాడు. రెండు రోజులకు పార్టీ పత్రిక 'ప్రావ్దా'లో ఆ ఒపెరాను తిడుతూ పేరులేని వ్యాసం. ఆ స్వరకర్త ఏళ్లతరబడి భయంతో బతికాడు. 1941 అక్టోబర్‌లో జర్మన్ బాంబు ముందు గోడను చీల్చుకుని వచ్చి పడింది. ట్రూపు అప్పటికే వోల్గా ఒడ్డునున్న కూయ్‌బిషెవ్ నగరానికి తరలిపోయి ఉంది. ఆ ఊళ్లోనే, 1942 మార్చి 5న, అదే షొస్టకోవిచ్ ఏడో సింఫనీని మొదటిసారి వినిపించింది మీ ఆర్కెస్ట్రాయే. చలికాలంలో, యుద్ధంలో, బాంబు పడ్డ హాలును బాగుచేసి 1943లో తెరిచారు.

బాలే నర్తకి మాయా ప్లిసెత్‌స్కాయా దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. తండ్రిని 1938లో కాల్చేశారు. తల్లిని చంటిబిడ్డతో సహా క్యాంపుకు పంపారు. ఆ ఇంటి పిల్ల 1943లో మీ ట్రూపులో చేరి, మీ హాలుకే మొహమైంది. 1956లో ట్రూపు లండన్ వెళ్లినప్పుడు ఆమెను వెళ్లనివ్వలేదు. బయటి దేశాల అతిథులు వస్తే మాత్రం ఆమె నాట్యమే చూపించేవారు. పేరు ముందు అక్షరం పెట్టీ పెట్టకుండా ఉండడమంటే ఇదేనేమో.

ఇవన్నీ పాత సంగతులని మీరనవచ్చు. 2017 డిసెంబర్‌లో మీరు 'నురేయెవ్' బాలే తొలి ప్రదర్శన ఇచ్చినప్పుడు దాని దర్శకుడు కిరిల్ సెరెబ్రెన్నికోవ్ గృహనిర్బంధంలో ఉన్నాడు, హాలుకు రాలేకపోయాడు. కొత్త చట్టం వచ్చిందని 2023లో ఆ బాలేనే తీసేశారు. 2022 మార్చిలో మీ నర్తకి ఓల్గా స్మిర్నోవా ఉక్రెయిన్ మీద యుద్ధం తప్పు అని చెప్పి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిపోయింది. మీరు ఎలాంటి రోజుల్లో పనిచేస్తున్నారో, ఎవరికి జవాబు చెప్పుకోవాలో నాకు అర్థం కాదనుకోకండి. ఇప్పటివాళ్ల సంగతి మాట్లాడే ధైర్యం మీకు లేకపోతే నేను తప్పుపట్టను, నా ఇల్లు తెనాలిలో ఉంది. కానీ 1806లో అమ్ముడుపోయిన 74 మంది విషయంలో ఏ చట్టమూ మీకు అడ్డం రాదు. వాళ్ల గురించి మాట్లాడితే ఏ మంత్రికీ కోపం రాదు. అందుకే ఆ పనైనా చేయండి అంటున్నాను.

మా మేనకోడలు రష్యాలోనే ఎంబీబీఎస్ చదివింది. పట్టా తీసుకునే ఏడు మమ్మల్ని రమ్మంది. తిరుగు ప్రయాణంలో మాస్కోలో రెండు రోజులున్నాం. ఆగస్టు నెల, మీకు సెలవులు, ప్రదర్శనలు లేవు. ఎదురుగా ఉన్న ఫౌంటెన్ గట్టు మీద రెండు గంటలు కూర్చున్నాను. మా ఆవిడకు కాళ్లనొప్పులు, బెంచీ మీద కునుకు తీసింది. లెక్కల నోట్సు మీది బొమ్మకన్నా స్తంభాలు లావుగా ఉన్నాయి. జేబులో వంద రూబుళ్ల నోటు తీసి పోల్చి చూసుకున్నాను, దాని మీదా మీ గుర్రాలే కదా. ఆ రథం తోలే అపోలోకు బట్టల్లేవని, పిల్లల చేతుల్లో పడే నోటు మీద ఇదేమిటని మీ పార్లమెంటు సభ్యుడొకాయన 2014లో గొడవ చేశాడని మేనకోడలు చెప్పింది. ఎక్కడైనా మనుషులొకటే.

సాయంత్రం పక్క తలుపులోంచి ఇద్దరు మనుషులు బయటికొచ్చారు. పనిబట్టలు, చేతులకు తొడుగులు, ఒకాయన భుజాన చుట్టిన తాడు. సిగరెట్లు ముట్టించి నిలబడ్డారు. వాళ్లు తెర తాలూకు మనుషులో, కరెంటు మనుషులో నాకు తెలియదు. దగ్గరికెళ్లి మాట్లాడదామంటే భాష లేదు. దండం పెట్టాను. ఒకాయన తల ఊపాడు. మేనకోడలు, "ఎందుకు మామయ్యా, వాళ్లెవరో" అంది.

మార్చి 28 తర్వాత మీరు ఏ నెలలో ఆ పేజీ వేసినా ఫరవాలేదు. వేసినప్పుడు దాని కాపీ ఒకటి పోస్టులో పంపితే దాన్ని మా హాల్లో తాత ఫొటో పక్కన పెట్టుకుంటాను. ఫొటో కింద ఆయన పేరు రాయించాను, ముందు 'శ్రీ', చివర 'గారు'.

ఇట్లు,
తెనాలి నుంచి,
ఒక తెర లాగినాయన మనవడు